పిల్లలు గ్రాఫ్ గీస్తున్నారు కానీ చదవలేకపోతున్నారు: దత్తాంశ నిర్వహణ (డేటా హ్యాండ్లింగ్) పాఠం ఎలా చెప్పాలి?

నమస్తే మేడం. మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీరు కొత్తగా టీచర్‌గా చేరారు, నాలుగు, ఐదు తరగతులకు లెక్కలు చెప్తున్నారు. పుస్తకంలో పట్టిక ఉంటే పిల్లలు బార్ గ్రాఫ్ చక్కగా గీసేస్తున్నారు, రంగులు కూడా వేస్తున్నారు. కానీ "ఇది చూస్తే నీకేం తెలిసింది?" అంటే నోరు విప్పట్లేదు. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవాళ్ళు కూడా అదే అడిగేసరికి మీకు టెన్షన్ పట్టుకుంది. లోపం ఎక్కడుంది, ఈ పాఠానికి ఎన్ని పీరియడ్లు పెట్టుకోవాలి అని అడిగారు.

సూటిగా చెప్తాను. గ్రాఫ్‌తో మొదలుపెట్టకండి, పిల్లలకు నిజంగా తెలుసుకోవాలని ఉన్న ఒక ప్రశ్నతో మొదలుపెట్టండి. దానికి కావాల్సిన లెక్క వాళ్ళే తిరిగి, చూసి, అడిగి తెచ్చుకోవాలి. గ్రాఫ్ ఆఖరున వస్తుంది. లెక్క తెచ్చింది వాళ్ళే కాబట్టి అప్పుడు చదవడం పెద్ద కష్టమనిపించదు.

నేను 22 ఏళ్ళుగా హైదరాబాద్‌లోనే సర్కారు ప్రాథమిక బడుల్లో చెప్తున్నాను. మొదటి ఏడెనిమిదేళ్ళు మీలాగే చేశాను. "30 మంది పిల్లలకు ఇష్టమైన పండ్లు" అని పట్టిక బోర్డు మీద రాయడం, గ్రాఫ్ గీయించడం, కాపీలు దిద్దడం. ఆ 30 మంది ఎవరో మా పిల్లలకు తెలీదు. ఎవరికో జామకాయ ఇష్టమైతే వీళ్ళకేంటి? గీయమన్నారు కాబట్టి గీస్తారు. అందులో చదవడానికి వాళ్ళకు ఏమీ కనబడదు, వాళ్ళ తప్పేం లేదు.

ఇప్పుడు ఎలా చేస్తున్నానో ఒక లెక్క మొదటి నుంచి చివరిదాకా చెప్తాను, మిగతాదంతా అందులోంచే అర్థమవుతుంది.

మా బడి గేటు ముందు నుంచి ఆటోలు, బైకులు, కార్లు ఆగకుండా పోతుంటాయి. కిందటేడు ఐదో తరగతి పిల్లాడొకడు "టీచర్, కొన్ని బండ్ల మీద టీఎస్ ఉంటది, కొన్నిటి మీద టీజీ ఉంటది, ఎందుకట్ల?" అని అడిగాడు. 2024 మార్చి నుంచి కొత్త బండ్లకు టీజీ ఇస్తున్నారు, అంతకుముందు తెలంగాణ వచ్చిన 2014 నుంచి టీఎస్ ఇచ్చారు, దానికీ ముందు మనందరికీ ఏపీనే అని చెప్పాను. వెంటనే పక్కవాడు "అయితే ఇప్పుడు ఏవి ఎక్కువున్నయ్ టీచర్?" అన్నాడు. నాకూ తెలీదు. "లెక్కపెట్టి చూద్దామా?" అన్నాను. క్లాసంతా లేచి నిలబడింది.

మొదటి రోజు రెండు జట్లు, 20 నిమిషాలు, గేటు లోపలే నిలబడి లెక్కపెట్టాలి (గేటు దాటనివ్వకండి, ఇది మాత్రం గట్టిగా పెట్టుకోండి). ఒక జట్టుకు 71 బండ్లు వచ్చాయి, ఇంకో జట్టుకు 58. మీరు తప్పు లెక్కపెట్టారంటే మీరు తప్పు లెక్కపెట్టారని కొట్లాట. నేను మధ్యలోకి పోలేదు. కాసేపటికి వాళ్ళే బయటపెట్టుకున్నారు: ఒక జట్టు కిరాణా కొట్టు ముందు ఆపిన బండ్లు కూడా కలిపేసింది, ఇంకో జట్టు నంబరు సరిగ్గా కనబడని బండ్లు వదిలేసింది, అటు పోయి ఇటు వచ్చిన ఒకే ఆటోను ఒకళ్ళు రెండుసార్లు వేసుకున్నారు.

మేడం, ఆ కొట్లాటే అసలు పాఠం. పుస్తకంలో పట్టిక తయారుగా ఇచ్చేస్తాం కాబట్టి ఈ గొడవ పిల్లలు ఎప్పుడూ చూడరు. ఎవరిని లెక్కలోకి తీసుకోవాలి, ఎవరిని తీసుకోకూడదు, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా, అనుమానం వస్తే ఏం చేయాలి అనేది ముందే అనుకోకపోతే ఆ లెక్కకు విలువ ఉండదు. ఆ పీరియడ్ మొత్తం దీనికే పోయింది. పోనివ్వండి. చివర్లో వాళ్ళే నియమాలు రాసుకున్నారు: కదులుతున్న బండ్లే, ఎడమ నుంచి కుడికి పోయేవే, బెల్లు నుంచి బెల్లు దాకా, నంబరు పూర్తిగా కనబడకపోయినా మొదటి రెండు అక్షరాలు కనిపిస్తే చాలు. రెండో రోజు ఒక జట్టుకు 60, ఇంకో జట్టుకు 61 వచ్చాయి. ఆ ఒక్కటి ఎక్కడ పోయిందో దొరకలేదు, రోడ్డు మీద లెక్కలో అంత తేడా ఉంటుందని వాళ్ళకే అర్థమైంది. 60 లెక్క తీసుకున్నాం.

లెక్కపెట్టేటప్పుడు గణన చిహ్నాల (ట్యాలీ గీతల) దగ్గర ఒక తప్పు కచ్చితంగా వస్తుంది, చూసుకోండి. నాలుగు నిలువు గీతలు గీసి ఐదోది అడ్డంగా కొట్టాలి. చాలామంది ఐదు నిలువు గీతలు గీసి, దాని మీద ఆరోది అడ్డంగా కొట్టి, మళ్ళీ కట్టకు ఐదు అని లెక్కేస్తారు. కాపీలో చూస్తే పైకి ఏం తేడా తెలీదు, మొత్తం మాత్రం తప్పుతుంది. నేను చేతివేళ్ళతో చూపిస్తాను. నాలుగు వేళ్ళు నిటారుగా పెట్టి, బొటనవేలు వాటి మీద అడ్డంగా మడవమంటాను. "చెయ్యి మూసుకుంటే ఐదు" అంటే మళ్ళీ మర్చిపోరు. ఇళ్ళల్లో పాల లెక్క గోడ మీద బొగ్గుతో గీతలు గీసి పెట్టుకునేవాళ్ళు కదా, మీ నానమ్మనో అమ్మమ్మనో అడిగి రమ్మనండి. "దత్తాంశ నిర్వహణ" అనే మాట విని బెదిరే పిల్లలకు ఇది ఇంట్లో పనే అని తెలుస్తుంది.

వచ్చిన లెక్క ఇది: టీఎస్ 34, టీజీ 15, ఏపీ 8, వేరే రాష్ట్రాలవి 3. కూడితే 60. కూడి చూసుకోవడం ప్రతిసారీ చేయించండి, మొత్తం సరిపోయాకే ముందుకు పోవాలి.

ఇక చూపించడం. నేను వెంటనే గళ్ళ కాగితం ఇవ్వను. ముందుగా ఖాళీ అగ్గిపెట్టెలు పోగు చేయించి పెట్టుకుంటాను, టీ కొట్లలో, ఇళ్ళల్లో అడిగితే నెల తిరిగేసరికి వంద వస్తాయి. ఒక బండికి ఒక పెట్టె చొప్పున బల్ల మీద దొంతర్లు పెట్టమన్నాను. టీఎస్ దొంతర ఇరవై దాటగానే ఊగడం మొదలైంది, 26 దగ్గర కూలింది. మళ్ళీ పెట్టారు, మళ్ళీ కూలింది. మూడోసారి వెనక నుంచి ఒక పిల్ల "టీచర్, రెండు బండ్లకు ఒక్క పెట్టె పెడితే అయిపాయె గదా" అంది. స్కేలు అంటే అదే మేడం. పుస్తకంలో "1 యూనిట్ = 2" అని మనం రాసిస్తే అది ఎందుకుందో తెలీకుండానే దింపుకుంటారు. దొంతర కూలితే అది ఎందుకు కావాలో చెప్పాల్సిన పని ఉండదు. టీఎస్‌కు 17 పెట్టెలు, ఏపీకి 4. మరి టీజీ 15 కదా? ఏడు పెట్టగానే చెయ్యి ఆగిపోయింది. ఇంకో పెట్టె పెడితే 16 అవుతుంది. చివరికి కత్తెరతో పెట్టెను సగానికి కోశారు. రెండో సగం వేరే రాష్ట్రాల దొంతర మీదికి పోయింది.

చార్టు మీద గమ్‌తో అంటించి వరండాలో పెట్టాం. నాలుగో తరగతి పిల్లలు వచ్చి చూసి "టీఎస్ బండ్లు 17" అని చదివారు. మావాళ్ళు "కాదు, 34!" అని అరిచారు. "వాళ్ళకెలా తెలుస్తుంది, ఎక్కడన్నా రాశారా?" అన్నాను. అప్పుడు కింద "ఒక పెట్టె = 2 బండ్లు" అని రాశారు, పైన పేరు, తేదీ, టైమ్ రాశారు. ఈ పద్ధతి మీరూ పెట్టుకోండి: గీసినవాడు పక్కన లేకుండా, పక్క తరగతి పిల్లాడు చదివి సరిగ్గా చెప్పగలిగితేనే ఆ గ్రాఫ్ పూర్తయినట్టు. శీర్షిక రాయలేదని, స్కేలు రాయలేదని మార్కులు కోయడం కంటే ఇది బాగా పనిచేస్తుంది.

అదంతా అయ్యాకే గళ్ళ కాగితం. పెట్టెలు చూస్తూ కమ్మీలు (బార్లు) గీశారు. అన్నీ ఒకే గీత మీద నుంచి లేవాలి, వెడల్పు ఒకేలా ఉండాలి, మధ్యలో ఖాళీ ఒకేలా ఉండాలి, ఇవి పెట్టెలతో చేసినవాళ్ళకు రెండు నిమిషాల్లో అందుతాయి.

ఇప్పుడు మీ అసలు సమస్యకు వద్దాం, చదవడం. మనం అడిగే ప్రశ్నల్లో చాలావరకు "ఏది ఎక్కువ, ఏది తక్కువ" దగ్గరే ఆగిపోతాయి. ఫ్రాన్సెస్ కర్షియో అనే గణిత విద్యావేత్త 1987లో గ్రాఫ్ చదవడాన్ని మూడు మెట్లుగా చెప్పారు, నాకు అది చాలా ఉపయోగపడింది. మొదటిది ఉన్నది ఉన్నట్టు చదవడం: టీజీ ఎన్ని? 15. రెండోది మధ్యలో సంబంధం చూడడం: టీఎస్ కంటే టీజీ ఎన్ని తక్కువ? 19. టీజీ, ఏపీ కలిపినా టీఎస్‌ను అందుకుంటాయా? అందుకోవు, 23 దగ్గరే ఆగిపోతాయి. మూడోది గ్రాఫ్ దాటి ఆలోచించడం: ఇంకో ఐదేళ్ళకు ఇదే గేటు దగ్గర నిలబడితే ఏ కమ్మీ పెరుగుతుంది, ఏది తగ్గుతుంది, ఎందుకు? ఇన్‌స్పెక్షన్‌లో మీ పిల్లలు ఆగిపోయింది రెండో మెట్టు మీదో మూడో మెట్టు మీదో అయి ఉంటుంది.

మూడో మెట్టు మీద మా క్లాసులో జరిగింది చెప్పాలి. "ఏపీ బండ్లు ఎనిమిది ఉన్నయ్ అంటే ఎనిమిది బండ్లు విజయవాడ నుంచి వచ్చినయ్" అన్నాడు ఒకడు. అందరూ ఊ కొట్టారు. ఒక పిల్ల మాత్రం లేచి "మా నాన్న ఆటో ఏపీ 11. మేమెప్పుడూ విజయవాడ పోలే" అంది. క్లాసు ఒక్కసారి చప్పుడు లేకుండా అయిపోయింది. ఆ 11 మలక్‌పేట నంబరు. పాత ఏపీ నంబర్లలో 9 నుంచి 13 దాకా హైదరాబాద్‌వే, 28, 29 రంగారెడ్డివి. ఆంధ్రలో అయితే 2019 నుంచి కొత్త బండ్లకు ఏ జిల్లా అయినా 39 ఇవ్వడం మొదలుపెట్టారు. ఇదంతా నేను బోర్డు మీద రాశాక, మర్నాడు వాళ్ళే మళ్ళీ గేటు దగ్గరికి పోతామన్నారు, ఈసారి ఏపీ పక్కన అంకె కూడా రాసుకుంటామన్నారు. ఆ రోజు 9 ఏపీ బండ్లు కనబడితే అందులో 7 మన పాత హైదరాబాద్, రంగారెడ్డి బండ్లే, రెండే 39వి. ఎన్ని ఉన్నాయో గ్రాఫ్ చెప్పింది, ఎందుకున్నాయో చెప్పలేదు అని ఐదో తరగతి పిల్లలు పట్టుకోగలిగారంటే నాకు ఇంతకంటే ఏం కావాలి.

ఇంకో లెక్క, ఇది ఇంకా చిన్నది, మీరు రేపే చేసుకోవచ్చు. "మీ ఇంట్లో ఏ భాష మాట్లాడతారు?" మన హైదరాబాద్ బడుల్లో ఇది భలే ఉంటుంది. నా క్లాసులో 31 మంది. చేతులెత్తమంటే తెలుగు 17, ఉర్దూ 9, హిందీ 6, లంబాడీ 3, ఒడియా 2. కూడితే 37! "ఆరుగురు ఎక్కడికెళ్ళి వచ్చిన్రు టీచర్?" అని ఒకడు అటూ ఇటూ చూస్తున్నాడు. ఎవరూ తప్పు చెప్పలేదు, కొందరిళ్ళల్లో రెండు భాషలున్నాయి, వాళ్ళు రెండుసార్లు చేయి ఎత్తారు. ఇక్కడ రెండు దారులున్నాయి. ప్రశ్న మార్చి "అమ్మతో ఎక్కువగా ఏ భాషలో మాట్లాడతావు?" అని అడిగితే ఒక్కొక్కరికి ఒక్కటే వస్తుంది, మొత్తం 31 అవుతుంది. లేదంటే 37 అలాగే ఉంచి, ఒకరే రెండు చోట్ల ఉండొచ్చు అని కింద రాయాలి. రెండూ సరైనవే, ఏది తెలుసుకోవాలనుకున్నాం అన్నదాన్ని బట్టి. మొత్తం ఇలా మించినప్పుడు కమ్మీలు గీయొచ్చు, వృత్త చిత్రం (పై చార్ట్) మాత్రం కుదరదు, ఎందుకంటే ముక్కలన్నీ కలిస్తే ఒకే పూర్ణం కావాలి. పై తరగతుల్లో అది వచ్చినప్పుడు ఈ లెక్క గుర్తుచేసుకుంటారు.

కొన్ని ప్రశ్నలు మాత్రం క్లాసులో అడగొద్దు. ఇది అనుభవం మీద చెప్తున్నాను, ఇప్పటికీ బాధగా ఉంటుంది. చాలా ఏళ్ళ కింద "మీ ఇంట్లో ఏ బండి ఉంది?" అని సర్వే పెట్టాను. ఒక బాబు బైక్ అని చెప్పాడు. వాళ్ళింట్లో సైకిల్ కూడా లేదు. పక్కవాడు "అబద్ధం టీచర్" అన్నాడు, ఆ బాబు రెండు రోజులు బడికి రాలేదు. వాళ్ళమ్మ చెప్తే గానీ నాకు తెలీలేదు. అప్పటి నుంచి ఇంట్లో ఏముంది, నాన్న ఏం చేస్తాడు, ఏం వండుకున్నారు, బరువెంత, మార్కులెన్ని, ఇలాంటివి పెట్టను. కులం, మతం దగ్గరికి అసలే పోను. బయట కనిపించేవి, అందరికీ సమానమైనవి తీసుకోండి: రోడ్డు మీద బండ్లు, బడి ఆవరణలో చెట్లు, పక్షులు, ఆకుల ఆకారాలు, పేరులో ఎన్ని అక్షరాలు, పుట్టిన నెల, వారంలో ఏ రోజు ఎంతమంది రాలేదు.

ఆ చివరిది చేసేటప్పుడు కూడా పేర్లు రాకూడదు, సంఖ్యలే. ఒక ఏడాది నాలుగో తరగతి పిల్లలు ఆరు వారాల హాజరు తీసి రోజులవారీగా గీస్తే మంగళవారం గైర్హాజరు కమ్మీ మిగతావాటికి దాదాపు రెట్టింపు ఉంది. మంగళవారం మా బస్తీ పక్కన అంగడి. కొందరు పిల్లలు కూరగాయల బండి దగ్గర అమ్మానాన్నలకు సాయం చేస్తున్నారు. ఏళ్ళ తరబడి రిజిస్టర్ రాస్తున్న నాకు కనబడనిది ఆ గీత చూపించింది. అప్పటి నుంచి కొత్త పాఠం మంగళవారం మొదలుపెట్టడం మానేశాను, తల్లిదండ్రుల మీటింగ్‌లో కూడా ఆ చార్టే గోడకు పెట్టి మాట్లాడాను.

ఇంకొన్ని చిన్న సంగతులు. పటచిత్రాల్లో (బొమ్మలతో లెక్క చూపే గ్రాఫుల్లో) పిల్లలు ఒక మామిడికాయ పెద్దగా, ఒకటి చిన్నగా వేస్తారు, అప్పుడు నాలుగు పెద్ద బొమ్మలు ఆరు చిన్న బొమ్మలకంటే ఎక్కువనిపిస్తాయి. ఒకే సైజు గళ్ళు గీసి, గడికి ఒక బొమ్మ వేయమనండి. స్కేలు తీసుకునేటప్పుడు 34ను "ఒక బొమ్మ = 5"తో వేయిస్తే ఆరు బొమ్మలు, ఇంకా అయిదింట నాలుగు వంతుల బొమ్మ వేయాలి, పిల్లలు అక్కడ ఏడుపు ముఖం పెడతారు. ముందు సగంతో తేలిపోయే సంఖ్యలు ఇవ్వండి, తర్వాత కావాలనే ఇలాంటిది ఒకటి ఇచ్చి స్కేలు వాళ్ళనే మార్చుకోనివ్వండి. పట్టికలో సున్నా వచ్చిన వరసను చాలామంది తీసేస్తారు. తీయనివ్వొద్దు, వెతికాం, ఒక్కటీ దొరకలేదు అన్నది కూడా సమాచారమే. అలాగే నిలువు గీత మీద అంకెలు సున్నా నుంచే మొదలవ్వాలి. సోమవారం 28 మంది, మంగళవారం 30 మంది వచ్చారనుకోండి, 27 నుంచి మొదలుపెట్టి గీస్తే ఒక కమ్మీ ఒక గడి, ఇంకోటి మూడు గడులు అవుతుంది, మూడు రెట్లు వచ్చారనిపిస్తుంది. ఇలా గీసిన గ్రాఫులు ప్రకటనల్లో కనబడుతూనే ఉంటాయి, ఒకటి కత్తిరించి తెచ్చి చూపించండి, పిల్లలు ఇట్టే పట్టేస్తారు.

చార్టు ప్రాజెక్టులు ఇంటికి ఇవ్వకండి. ఇంటికి పోయిందంటే అది అమ్మానాన్నల ప్రాజెక్టే. కంప్యూటర్‌లో గీసి రంగుల్లో ప్రింట్ తెస్తారు, అందులో పిల్లవాడు చేసింది ఏమీ ఉండదు. వంకరగా ఉన్నా సరే, క్లాసులో గీసిందే గోడకు పెట్టండి.

ఎప్పుడు మొదలుపెట్టాలంటే నేను జూన్ ఆఖర్లో మొదటి లెక్క పెట్టుకుంటాను. జూన్ 29 గణాంకశాస్త్రవేత్త మహలనోబిస్ పుట్టినరోజు, దేశమంతా గణాంక దినోత్సవంగా జరుపుతారు. ఆ రోజు పిల్లలకు సి.ఆర్.రావు గారి గురించి కూడా చెప్తాను. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కలు చదువుకుని, కలకత్తా వెళ్ళి, గణాంకశాస్త్రంలో ప్రపంచమంతా గుర్తుపెట్టుకునే పని చేశారు, 102 ఏళ్ళు బతికారు. మన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలో ఆయన పేరు మీద ఒక సంస్థే ఉంది. గచ్చిబౌలి వైపు ఎప్పుడైనా పోతే చూడొచ్చని చెప్తే పిల్లల కళ్ళు పెద్దవవుతాయి.

పీరియడ్ల సంగతి అడిగారు. నాకు ఏడు పడతాయి: ప్రశ్న ఎంచుకోవడానికి ఒకటి, మొదటి లెక్క, దాని మీద కొట్లాటకు రెండు, మళ్ళీ లెక్కపెట్టి పట్టిక వేయడానికి ఒకటి, పెట్టెలకు ఒకటి, గీయడానికి ఒకటి, చదివి మాట్లాడుకోవడానికి ఒకటి. సిలబస్ వెనకబడుతుందని భయపడకండి, కూడికలు, తీసివేతలు, రెట్లు, సగాలు అన్నీ ఇందులోనే వచ్చేస్తాయి. మరీ టైమ్ లేకపోతే గీయడం తగ్గించండి, చదివి మాట్లాడే పీరియడ్ మాత్రం తీయకండి.

గేటు దగ్గర బండ్ల లెక్క మీరు కూడా చేస్తే ఒక్క మాట గుర్తుపెట్టుకోండి మేడం. ఏపీ గడిని రెండుగా విడగొట్టాలని మీరు ముందే చెప్పేయకండి. "మా నాన్న బండి కూడా ఏపీనే" అని ఎవరో ఒకరు లేచేదాకా ఆగండి.